ఇంటి నక్ష గీసేముందు ఇంట్లోవాళ్లను అడగాలె

మన షోలాపూర్‌లో ఇల్లంటే పండుకునే చోటే కాదు, పని చేసే చోటు కూడా. ఆడవాళ్లు అక్కడే తునికాకు నానబెట్టి, కత్తిరించి, తంబాకు నింపి బీడీలు చుడతరు. కొందరి ఇండ్లల్లో మగ్గాలు కూడా అక్కడే. నేను చద్దర్లు నేసి బతికినోణ్ణి. ఎండకాలంలో స్లాబు కింద రాత్రంతా నిద్ర పట్టదని నాకు ఎరుకే.

కుంభారిలో బీడీ కార్మిక ఆడవాళ్ల కోసం గోదూతాయి పరుళేకర్ పేరు మీద 10 వేల ఇండ్లు కట్టి 2006లో ఇచ్చిండ్రు. తర్వాత అక్కడే రే నగర్ వచ్చింది. అది 30 వేల ఇండ్ల పని. 2024 జనవరిలో 15 వేల ఇండ్లు అప్పజెప్పిండ్రు. ఆడం మాస్టర్ ముందు నిలబడితే, కార్మికులు ఏండ్ల తరబడి వెంట నడిచిండ్రు. కిరాయి ఖోలీలల్లో బతికినోళ్లకు అది చిన్న సంగతి కాదు.

ఇప్పుడు మన పేటల్లో కూడా పాత ఇండ్లు పడగొట్టి కొత్తవి కట్టాలన్న మాట నడుస్తున్నది. సంతకం పెట్టేముందు నక్ష చేతిలోకి తీసుకొని ఈ సంగతులు అడగండి.

ఒకటి, గాలి. తంబాకు దుమ్ము పిల్లల ఛాతీలోకి పోకుండా ఎదురెదురు కిటికీలు ఉండాలె. బీడీ పనికి వసారా విడిగా ఉంటే ఇంకా మేలు.

రెండు, ఎండ. మనలాగే మిల్లుల ఊరైన అహ్మదాబాద్‌లో 2010లో వడదెబ్బకు చాలామంది పోయిండ్రు. 2013లో ఆ ఊరు వేడిని తట్టుకునే ప్లాను చేసుకున్నది. తర్వాత బీదల ఇండ్ల కప్పుల మీద తెల్ల పూత వేయించిండ్రు. తెలుపు ఎండను వెనక్కి కొడుతది. అందులో పెద్ద ఖర్చేం లేదు, సున్నం పూత చాలు.

మూడు, నీళ్లు. మనకు నల్లా రోజూ రాదు. మాళిగ మీద పడ్డ వాన నీళ్లు టాకీలోకి దిగేటట్టు పైపు ముందే పెట్టించాలె. గిన్నెలు కడిగిన నీళ్లు వాకిట్ల వేపచెట్టుకు పోవాలె.

నాలుగు, మెట్లు. మోకాళ్లు అరిగిన ముసలోళ్లకు కింది ఇల్లు ఇయ్యాలె.

గోడలు లేచినంక మార్చాలంటే పైసలు మన జేబులోంచే పోతయి. కాగితం మీద ఉన్నప్పుడు రబ్బరుతో చెరిపితే సరిపోతది. అందుకే మీటింగుకు మగవాళ్లే పోతే సరిపోదు. పొద్దంతా ఆ ఇంట్లో ఉండేది అక్కలు, చెల్లెండ్లు. వాళ్లను ముందట కూచోబెట్టి, వాళ్ల మాట రాయించండి.