రెండు రాష్ట్రాల లెక్కల్లో పన్నెండు పల్లెలు

తెలంగాణలోని కుమురం భీం ఆసిఫాబాద్ జిల్లా 2016 అక్టోబరు 11న పూర్వపు ఆదిలాబాద్ జిల్లా నుంచి ఏర్పడింది. 15 మండలాలు గల ఈ జిల్లా జనాభా 2011 లెక్కల ప్రకారం 5,15,812. ప్రతి ఆరుగురిలో దాదాపు ఐదుగురు పల్లెవాసులే. కుమురం భీం పోరాటానికి నెలవైన జోడేఘాట్ ఇక్కడి కెరమెరి మండలంలోనిది. అదే మండలపు సరిహద్దు కొండల్లోని పరందోళి, ముకదంగూడ, అంతాపూర్ తదితర 12 పల్లెలు రెండు రాష్ట్రాల పాలనలో ఉన్నాయి. వీటిని మహారాష్ట్ర తన చంద్రాపూర్ జిల్లా జివతి తాలూకాలో చూపుతోంది.

ఫలితంగా ఒకే ఊరికి ఇద్దరు సర్పంచులు, తెలుగు బడి, మరాఠీ బడి, ఒకే ఇంట రెండు రేషన్ కార్డులు. ఓటర్లు ఇటు ఆసిఫాబాద్ శాసనసభ స్థానానికీ, అటు రాజురాకూ ఓటు వేస్తారు. ఒక వ్యక్తి పేరు ఒకటికి మించిన నియోజకవర్గాల్లో నమోదు కారాదని 1950 నాటి ప్రజాప్రాతినిధ్య చట్టం చెబుతోంది. లోక్‌సభకు 2019లో ఆదిలాబాద్, చంద్రాపూర్ స్థానాలు రెండింటికీ ఏప్రిల్ 11నే పోలింగ్ జరిగింది.

వివాదానికి మూలం 1956 నాటి రాష్ట్రాల పునర్వ్యవస్థీకరణలో ఉంది. హైదరాబాద్ రాష్ట్రంలోని ఆదిలాబాద్ జిల్లా నుంచి రాజురా తాలూకా అప్పటి బొంబాయి రాష్ట్రానికి వెళ్లింది. జివతి ఆ తర్వాత రాజురా నుంచి విడివడిన తాలూకా. గుట్టలూ అడవులూ నిండిన ఆ సరిహద్దు గీత ఈ పల్లెల దగ్గర ఎటు సాగుతుందన్నది నేటికీ తేలలేదు. ఈ గ్రామాలను తమ రాష్ట్రంలో కలుపుకొంటామని మహారాష్ట్ర ప్రభుత్వం 2025 జులైలో ప్రకటించింది. అయితే రాష్ట్ర సరిహద్దును మార్చే అధికారం రాజ్యాంగం 3వ అధికరణం కింద పార్లమెంటుకే ఉంది. రాష్ట్రపతి సిఫారసుతో బిల్లు రావాలి, సంబంధిత శాసనసభల అభిప్రాయం కోరాలి.

రెట్టింపు సౌకర్యాలున్నాయి గదా, చిక్కేమిటని బయటివారికి అనిపించవచ్చు. చిక్కు భూమి దగ్గర ఉంది. సాగుచేసుకొంటున్న నేలకు పట్టా లేదన్నది ఇక్కడి రైతుల చిరకాల ఫిర్యాదు. పట్టా లేనిదే బ్యాంకు పంట రుణం దొరకడం కష్టం. 2006 నాటి అటవీ హక్కుల చట్టం ప్రకారం గిరిజనులు 2005 డిసెంబరు 13 నాటికి భూమి తమ స్వాధీనంలో ఉందని చూపితే చాలు. గిరిజనేతరులు మాత్రం ఆ తేదీకి ముందు మూడు తరాలు, అంటే 75 ఏళ్లు, అక్కడే నివసించినట్లు నిరూపించాలి. మరాఠ్వాడా వైపు నుంచి తర్వాతి కాలంలో వచ్చి స్థిరపడిన కుటుంబాలకు ఇది దాదాపు అసాధ్యం.

ఇక లంబాడాల పరిస్థితి మరీ సున్నితం. తెలంగాణలో వారు షెడ్యూల్డ్ తెగ. మహారాష్ట్రలో బంజారాలు ఆ జాబితాలో లేరు, విముక్త జాతుల వర్గంలో ఉన్నారు. అంటే సరిహద్దు ఎటు తేలితే అటు కుల ధ్రువపత్రం, దానితో పాటు రిజర్వేషనూ, భూమి హక్కుకు కావలసిన రుజువూ మారిపోతాయి.

తదుపరి జనగణనకు 2027 మార్చి 1ని ప్రామాణిక తేదీగా కేంద్రం ప్రకటించింది. జనగణనలో ఒక మనిషి ఒక్కచోటే లెక్కకు రావాలి.