అయ్యగారూ, ఇది ఏ మ్యూజియంలో ఉందండి?

సండేస్కూలు అయిన తరువాత ఏడవ తరగతి చదివే బాబు ఒకడు వాళ్ల నాన్నగారి ఫోను పట్టుకొని నా దగ్గరకు వచ్చాడు. "అయ్యగారూ, గొల్యాతు ఎముకలు దొరికాయంటండీ!" అన్నాడు. గోతిలో కొండంత ఎముకల గూడు, పక్కన చీమంత మనిషి. నేనూ సంతోషపడి సాయంకాలపు ఆరాధనలో ఆ సంగతి చెప్పాను. తీరా విచారిస్తే అది 2002లో కంప్యూటరు చిత్రాల పోటీ కొరకు తయారుచేసిన బొమ్మ. అమెరికాలో ఏనుగును పోలిన ప్రాచీన జంతువు ఎముకలను తవ్వుతున్న ఫోటోలో మనిషి ఎముకల గూడు అతికించారు. మరుసటి ఆదివారము సంఘము ఎదుట నా పొరపాటు ఒప్పుకొన్నాను.

ప్రియ తల్లిదండ్రులారా, మన బిడ్డలు రేపు కాలేజీకి వెళ్లి ఇది అబద్ధమని తెలుసుకొంటే, మనము చెప్పిన సత్యమును కూడా అనుమానించరా? అందుచేత ప్రాచీన నాగరికతలను గూర్చి పిల్లలకు ఫోనులో చూపించాలంటే, వస్తువును స్వయంగా భద్రపరచిన మ్యూజియము వెబ్‌సైటుతోనే మొదలుపెట్టండి.

లండనులోని బ్రిటిష్ మ్యూజియము తన దగ్గరున్న వస్తువుల ఫోటోలను, వివరాలను ఇంటర్నెట్టులో ఉచితంగా ఉంచింది. అక్కడ ఇంగ్లీషులో 'టేలర్ ప్రిజం' అని వెతకండి. అది ఆరు ముఖాల మట్టి దిమ్మె. ఎత్తు సుమారు 38 సెంటీమీటర్లు, అంటే మూరకు కొంచెం తక్కువ. 1830లో నీనెవెలో దొరికింది. అష్షూరు రాజు సన్హెరీబు క్రీ.పూ. 691లో తన దండయాత్రలను గూర్చి దానిమీద రాయించాడు. తడి మట్టిమీద పుల్లతో నొక్కి రాసే ఆ మేకుల వంటి లిపిని క్యూనిఫాం అంటారు.

ఇప్పుడు రెండవ రాజుల గ్రంథము 18, 19 అధ్యాయములు తెరవండి. హిజ్కియా ముప్పది తలాంతుల బంగారము చెల్లించాడని అక్కడ ఉన్నది. మట్టి దిమ్మెలోనూ బంగారము ముప్పదే. అయితే వెండి బైబిలులో మూడు వందలు, అష్షూరువారి లెక్కలో ఎనిమిది వందలు. ఈ తేడాను దాచవద్దు. యెరూషలేమును ముట్టడించానని సన్హెరీబు చెప్పుకొన్నాడు గాని, పట్టుకొన్నానని ఎక్కడా చెప్పలేదు. ఎందుకు చెప్పలేదో పిల్లలనే ఆలోచించనివ్వండి. అతడు లాకీషును పట్టుకొన్న దృశ్యాలు చెక్కిన రాతి పలకలు కూడా ఆ మ్యూజియములోనే ఉన్నాయి. వాటిని పెద్దవిగా చేసి విలుకాండ్రను, చెరకు పోతున్న కుటుంబాలను చూపించండి.

ఇంట్లో ఒక్క ఫోనే ఉన్నా చాలును. రాత్రి భోజనమైన తరువాత పావుగంట చూపించండి. మరునాడు చెరువు మట్టి పిసికి ఇచ్చి, పుల్లతో గుర్తులు నొక్కమనండి. ఏ బొమ్మ చూసినా మూడు ప్రశ్నలు అడగడం నేర్పండి: ఇది ఏమిటి? ఎక్కడ దొరికింది? ఇప్పుడు ఎక్కడ ఉన్నది? హైదరాబాదు వెళ్లే పని పడితే పబ్లిక్ గార్డెన్స్‌లోని రాష్ట్ర మ్యూజియములో ఉన్న ఈజిప్టు మమ్మీని కంటితోనే చూపించండి.

మొన్న ఆ బాబు మరో బొమ్మ తెచ్చాడు. ఈసారి దొరికిందంటండీ అనలేదు. "అయ్యగారూ, ఇది ఏ మ్యూజియంలో ఉందో రాయలేదండి. నమ్మొచ్చా?" అని అడిగాడు. ఇద్దరము కలిసి వెతకడానికి కూర్చున్నాము.