గ్లూటెన్ లేని గింజ నుండి గ్లూటెన్ రహిత ఆహారం వరకు: సీలియాక్ వ్యాధి, చిరుధాన్యాలు, విస్తరణ శాస్త్రవేత్తల బాధ్యత

ఉపోద్ఘాతం

అంతర్జాతీయ చిరుధాన్యాల సంవత్సరంగా పాటించిన 2023 నుండి జొన్న, సజ్జ, రాగి, కొర్ర వంటి పంటల ప్రచారంలో "గ్లూటెన్ లేనివి" అన్న మాట తరచుగా వినబడుతున్నది. శాస్త్రరీత్యా ఆ మాట సరైనదే. అయితే గింజలో గ్లూటెన్ లేకపోవడం వేరు, ఆ గింజను మరపట్టగా వచ్చిన పిండిలో గ్లూటెన్ లేకపోవడం వేరు. సామాన్య వినియోగదారునికి ఈ తేడా వల్ల నష్టమేమీ లేదు. సీలియాక్ వ్యాధిగ్రస్తునికి మాత్రం ఆహారమే ఔషధం కనుక ఈ తేడా అత్యంత ముఖ్యమైనది. గ్లూటెన్ స్వభావాన్ని, వ్యాధి తీరును, పొలం నుండి పిండిమర వరకు కల్తీ ప్రవేశించే మార్గాలను ఈ వ్యాసంలో వివరించడమైనది.

గ్లూటెన్ స్వరూపం

గోధుమపిండి ముద్దను నీటిధార కింద పిసుకుతూ కడిగితే పిండిపదార్థం కొట్టుకుపోయి, సాగే గుణం గల జిగురు ముద్ద మిగులుతుంది. ఇదే గ్లూటెన్. గోధుమలోని మాంసకృత్తులలో సుమారు 80 శాతం ఇదే. ఇందులో గ్లయాడిన్, గ్లూటెనిన్ అనే రెండు వర్గాలున్నాయి. పిండి సాగడానికి మొదటిది, బిగువుగా నిలవడానికి రెండవది తోడ్పడతాయి. రొట్టె పొంగినపుడు వాయువును పట్టి ఉంచేది ఈ రెండింటి అల్లికయే.

అమెరికా శాస్త్రవేత్త టి.బి. ఆస్బోర్న్ ధాన్యపు మాంసకృత్తులను అవి కరిగే ద్రావణిని బట్టి వర్గీకరించారు. వాటిలో ఆల్కహాలులో కరిగేవి ప్రోలమిన్లు. గోధుమలో గ్లయాడిన్, బార్లీలో హార్డీన్, రై ధాన్యంలో సెకాలిన్ ఈ వర్గానికి చెందినవి. వ్యాధికి కారణమయ్యేవి ఈ మూడే. జొన్నలోని కాఫిరిన్, మొక్కజొన్నలోని జీన్ కూడా ప్రోలమిన్లే అయినా వాటి అమైనో ఆమ్లాల వరుస భిన్నమైనది కనుక అవి హాని చేయవు. వరిలో ప్రోలమిన్ల పాలు స్వల్పం, గ్లూటెలిన్ అధికం. గ్లూటెలిన్ పేరు గ్లూటెన్‌ను పోలి ఉన్నా దానితో సీలియాక్ రోగికి ప్రమాదం లేదు. ఓట్స్‌లోని అవెనిన్‌ను అధిక శాతం రోగులు తట్టుకోగలరు. కాని మార్కెట్లో లభించే ఓట్స్‌లో గోధుమ, బార్లీ గింజలు కలిసి ఉండటం సర్వసాధారణం.

వ్యాధి తీరు

గ్లయాడిన్‌లో ప్రోలిన్, గ్లూటమిన్ అమైనో ఆమ్లాలు అధికంగా ఉంటాయి. అందువల్ల జీర్ణరసాలు దానిని పూర్తిగా విడగొట్టలేవు. 33 అమైనో ఆమ్లాలు గల ఒక ముక్క జీర్ణం కాకుండా మిగిలిపోతుందని 2002లో వెల్లడైంది. ఇటువంటి ముక్కలు చిన్న ప్రేగు గోడలోకి చేరినపుడు ట్రాన్స్‌గ్లుటమినేజ్ అనే ఎంజైమ్ వాటిని స్వల్పంగా మారుస్తుంది. హెచ్.ఎల్.ఎ. డి.క్యు.2 లేదా డి.క్యు.8 జన్యువులున్న కొందరిలో రోగనిరోధక కణాలు ఈ మారిన ముక్కలను శత్రువులుగా భావించి దాడికి దిగుతాయి. ఆ దాడిలో ఆంత్రచూషకాలు చదునై, ఇనుము, కాల్షియం, ఫోలిక్ ఆమ్లం వంటి పోషకాల శోషణ దెబ్బతింటుంది. పిల్లలలో విరేచనాలు, ఎదుగుదల లోపం, పెద్దలలో మందులకు లొంగని రక్తహీనత, ఎముకల బలహీనత కనిపించవచ్చు. కొందరిలో ఏ లక్షణమూ ఉండదు.

ఈ వ్యాధికి గోధుమతో గల సంబంధాన్ని నిరూపించినది నెదర్లాండ్స్ శిశువైద్యుడు విల్లెం డిక్కే. 1944-45 శీతాకాలపు కరువులో రొట్టె దొరకని రోజుల అనుభవం ఆయన ఆలోచనకు బలం చేకూర్చింది. 1950లో ఆయన సిద్ధాంత గ్రంథం వెలువడింది. నేటికీ దీనికి నిర్ధారిత చికిత్స జీవితాంతం గ్లూటెన్‌ను విడిచిపెట్టడమే.

గోధుమ ఎలర్జీ వేరొక వ్యాధి. రెండింటినీ ఒకటిగా చెప్పరాదు. సీలియాక్ అనుమానం ఉన్నవారు పరీక్షకు ముందే గోధుమను మానివేస్తే రక్తంలోని ప్రతిదేహాలు తగ్గి వ్యాధి బయటపడకపోవచ్చు. కనుక ముందు పరీక్ష, పిదప ఆహార మార్పు అన్నదే సరైన క్రమం. ఆరోగ్యవంతులు గ్లూటెన్‌ను మానవలసిన అవసరం లేదు.

దక్షిణాదికి ఈ విషయం ఎందుకు?

సీలియాక్ ఉత్తర భారత వ్యాధి అన్న అభిప్రాయం ఉన్నది. 2016లో ప్రచురితమైన బహుళ ప్రాంత అధ్యయనంలో ప్రతి వేయి మందికి ఉత్తరాదిన 8.53, ఈశాన్యంలో 4.66, దక్షిణాదిన 0.11 మందిలో వ్యాధి నిర్ధారణ అయింది. అంకెలు ఆ అభిప్రాయాన్ని బలపరిచేవే. అయితే వ్యాధికి అనువైన జన్యువులు ఉత్తరాదిన 38.1 శాతం మందిలో, దక్షిణాదిన 36.4 శాతం మందిలో ఉన్నట్లు అదే అధ్యయనం తెలిపింది. అంటే జన్యుపరంగా చెప్పుకోదగిన తేడా లేదు. తేడా పళ్ళెంలో ఉన్నది. రోజువారీ గోధుమ వినియోగం సగటున ఉత్తరాదిన 455 గ్రాములు కాగా దక్షిణాదిన 25 గ్రాములు మాత్రమే. రాత్రి భోజనంలో చపాతీ, అల్పాహారంలో ఉప్మా, చిరుతిండిగా బిస్కెట్లు పెరుగుతున్న మన ఇళ్ళలో ఈ తేడా ఎంతకాలం నిలుస్తుందో ఆలోచించవలసి ఉన్నది.

ఐదు గింజల లెక్క

కోడెక్స్ ప్రమాణం ప్రకారం గ్లూటెన్ రహితమని చెప్పే ఆహారంలో కిలోకు 20 మిల్లీగ్రాములకు మించి గ్లూటెన్ ఉండరాదు. భారత ఆహార భద్రత, ప్రమాణాల ప్రాధికార సంస్థ కూడా ఇదే పరిమితిని నిర్దేశించింది. ఈ పరిమాణం ఎంత స్వల్పమో ఒక లెక్కతో విద్యార్థులకు చెప్పవచ్చు. గోధుమ గింజ బరువు సుమారు 40 మిల్లీగ్రాములు. అందులో గ్లూటెన్ పదో వంతు అనుకుంటే గింజకు 4 మిల్లీగ్రాములు. కిలో జొన్నలలో ఐదు గోధుమ గింజలు కలిస్తే చాలు, పరిమితి నిండిపోతుంది. వంద కిలోల బస్తాకు ఇది 20 గ్రాములు, అంటే పిడికెడు కూడా కాదు.

ఇది కేవలం కాగితం మీది లెక్క కాదు. 2010లో అమెరికాలో ప్రచురితమైన ఒక ప్రాథమిక అధ్యయనంలో సహజంగా గ్లూటెన్ లేని 22 ధాన్యాలు, గింజలు, పిండ్ల నమూనాలను పరీక్షించగా 7 నమూనాలలో గ్లూటెన్ 20 పి.పి.ఎం. స్థాయిని చేరింది లేదా దాటింది. వాటిలో జొన్నపిండి, చిరుధాన్యపు పిండి కూడా ఉన్నాయి.

కల్తీ ప్రవేశించే మార్గాలు

పొలం: గోధుమ కోసిన యంత్రాన్ని శుభ్రపరచకుండా వేరొక పంటకు వాడితే గింజలు కలుస్తాయి. తెలుగు రాష్ట్రాలలో ఆదిలాబాద్ వంటి కొద్ది ప్రాంతాలలో తప్ప గోధుమ సాగు లేదు. ఇది మనకు సహజసిద్ధమైన అనుకూలత.

నిల్వ, రవాణా: గోధుమలు నింపిన గోనె సంచులను, తూకపు పళ్ళాలను తిరిగి వాడటం.

పిండిమర: మన ప్రాంతంలో అసలు ప్రమాదం ఇక్కడే ఉన్నది. ఒకే రాళ్ళ మధ్య గోధుమలు, జొన్నలు వరుసగా ఆడిస్తారు. రాళ్ళ గాళ్ళలో, తొట్టిలో, జల్లెడలో మిగిలిన గోధుమపిండి తరువాతి ధాన్యంలో కలుస్తుంది. గాలిలో ఎగిరే పిండి కూడా తక్కువది కాదు. ముందుగా కొంత బియ్యం ఆడించి ఆ పిండిని వేరుచేయడం వల్ల కల్తీ తగ్గుతుందే గాని పూర్తిగా పోదు. ప్రత్యేకమైన మర ఉండటమే సరైన మార్గం.

తయారీ: చిరుధాన్యాల బిస్కెట్లలో తరచుగా మైదా లేదా గోధుమపిండి ఉంటుంది. మల్టీగ్రెయిన్ ఆటాలో ప్రధాన భాగం సాధారణంగా గోధుమే. బొంబాయి రవ్వ, గోధుమ సేమ్యా సరేసరి. మార్కెట్లో దొరికే కూటమి ఇంగువలో గోధుమపిండి కలుపుతారన్నది చాలామందికి తెలియదు. 'మాల్ట్' అన్న పదం విషయంలోనూ జాగ్రత్త అవసరం. కేవలం రాగులను మొలకెత్తించి చేసిన రాగి మాల్ట్ సురక్షితం, బార్లీ మాల్ట్ కాదు. ఖప్లీ వంటి పాతకాలపు గోధుమ రకాలలోనూ గ్లూటెన్ ఉన్నది. అవి దేశవాళీవి కనుక సీలియాక్ రోగులు తినవచ్చునన్న ప్రచారం ప్రమాదకరమైనది.

పరిశోధనల తీరు

గోధుమలోనే హానికర భాగాన్ని తగ్గించే ప్రయత్నాలు సాగుతున్నాయి. రొట్టె గోధుమ ఆరు సమితుల క్రోమోజోములు గల పంట. గ్లయాడిన్ జన్యువులు దానిలో పదుల సంఖ్యలో ఉన్నందున సంప్రదాయ ప్రజననం కష్టసాధ్యం. స్పెయిన్ శాస్త్రవేత్తలు 2018లో క్రిస్పర్ విధానంతో 45 ఆల్ఫా గ్లయాడిన్ జన్యువులలో 35 వరకు మార్చి, ప్రతిరక్షక ప్రతిస్పందనను 85 శాతం తగ్గించగలిగారు. మిగిలిన 15 శాతం కారణంగా అది ఇంకా రోగి ఆహారం కాలేదు.

ఆహార సాంకేతికతలో గ్లూటెన్ అల్లికకు బదులుగా జాంతాన్ గమ్, ఇసబ్‌గోల్ వంటివి వాడుతున్నారు. మన గృహిణులు జొన్నపిండిని మరిగే నీటితో కలపడం వెనుక ఉన్నదీ ఇటువంటి సూత్రమే. వేడికి పిండిపదార్థం ఉబ్బి జిగురై, గ్లూటెన్ లేకున్నా రొట్టె విరగకుండా నిలుస్తుంది. శుద్ధి చేసిన పిండ్లతో తయారయ్యే గ్లూటెన్ రహిత పదార్థాలలో పీచు, ఖనిజాలు తక్కువ. జొన్న, రాగి, కొర్రలు ఆ లోటును తీర్చగలవు.

విస్తరణ శాస్త్రవేత్తలకు సూచనలు

1. రైతు ఉత్పత్తిదారుల సంఘాలు, మహిళా సంఘాలు నెలకొల్పే చిరుధాన్యాల శుద్ధి కేంద్రాలలో గోధుమను ఆవరణలోకే రానివ్వకుండా నియమం పెట్టించాలి.
2. కొత్త సంచులు, ప్రత్యేక జల్లెడలు, తూకపు పాత్రలు వాడించాలి. ప్రతి సరుకు రాకను పుస్తకంలో నమోదు చేయించాలి.
3. ఎలైసా పరీక్ష ఫలితం లేనిదే సంచిపై "గ్లూటెన్ రహితం" అని ముద్రించరాదని స్పష్టం చేయాలి. పరీక్ష లేనపుడు "జొన్నపిండి" అన్న పేరే చాలు.
4. చిరుధాన్యాలు సీలియాక్‌ను నయం చేస్తాయని ఎక్కడా చెప్పరాదు. అవి గోధుమకు బదులుగా తినదగిన ఆహారం మాత్రమే.
5. తగ్గని రక్తహీనత, ఎదుగుదల లోపం ఉన్న పిల్లలు తారసపడినపుడు ఆహార సలహాకు ముందు వైద్య పరీక్షకు పంపాలి.

ముగింపు

గోధుమ పండని నేల, చిరుధాన్యాలు పండే మెట్ట భూములు తెలుగు రాష్ట్రాలకు ఈ రంగంలో అరుదైన అవకాశాన్ని ఇస్తున్నాయి. ఉత్తరాది రోగులకు, విదేశీ విపణికి నమ్మకమైన పిండిని మన రైతులు అందించగలరు. గింజ శుద్ధంగానే పుడుతుంది. దానిని అలాగే చివరి వరకు చేర్చే శిక్షణను శుద్ధి కేంద్రాల నిర్వాహకులకు, మర యజమానులకు ఇవ్వడం మన తక్షణ కర్తవ్యం.