అమ్మకి మతిమరుపా? ముందు హార్మోన్ల సంగతి చూద్దాం



గత నెల ఎనిమిదో తరగతిలో కౌమార దశ పాఠం చెబుతున్నాను. హార్మోన్లు, గ్రంథులు, ఈ వయసులో వచ్చే మార్పులు అన్నీ బోర్డు మీద రాస్తుంటే ఒక అమ్మాయి చెయ్యెత్తింది. "మేడమ్, మాకు హార్మోన్లు పెరుగుతాయి సరే. మరి మా అమ్మమ్మకి తగ్గిపోతాయా? తగ్గితే ఏమవుతుంది?"

క్లాసులో రెండు ముక్కల్లో చెప్పేశాను. కానీ ఆ ప్రశ్న ఇంటికి వెళ్ళాక కూడా నన్ను వదల్లేదు. ఎందుకంటే దాని జవాబు మా ఇంట్లోనే ఉంది.

నేను ఏడో తరగతిలో ఉండగా మా అమ్మకి గర్భసంచి ఆపరేషన్ చేశారు. అప్పటికి ఆవిడకి 35 ఏళ్ళు. "పిల్లలు పుట్టేశారు, ఇక దానితో పనేముంది?" అన్నారు అందరూ. ఆ తర్వాత అమ్మకి రాత్రిళ్ళు ఒళ్ళంతా ఆవిర్లు, నిద్ర పట్టకపోవడం మొదలయ్యాయి. పొయ్యి మీద పాలు పెట్టి మర్చిపోయేది. చేతిలో తాళాలు పెట్టుకుని ఇల్లంతా వెతికేది. "నీకు ధ్యాస లేదమ్మా" అని నేనే ఎన్నోసార్లు విసుక్కున్నాను. చాలా ఏళ్ళకి పాత డిశ్చార్జ్ కాగితం చదివితే తెలిసింది, గర్భసంచితో పాటు రెండు అండాశయాలూ తీసేశారని. ఆ ముక్క మాకు ఎవరూ చెప్పలేదు. మేమూ అడగలేదు.

అండాశయాలకీ మెదడుకీ ఏం సంబంధం?

అండాశయాల నుంచి వచ్చే ఈస్ట్రోజెన్ నెలసరి కోసమే అనుకుంటాం. నిజానికి అది రక్తంతో పాటు మెదడుకీ వెళ్తుంది. కొత్త విషయాలు గుర్తుపెట్టుకునే హిప్పోకాంపస్ అనే భాగంలోనూ, ఆలోచించి నిర్ణయాలు తీసుకునే ముందు భాగంలోనూ ఈస్ట్రోజెన్‌ను అందుకునే గ్రాహకాలు ఉన్నాయి. మెదడు కణాలు గ్లూకోజ్‌ను శక్తిగా వాడుకోవడానికి, ఒకదానితో ఒకటి కలిసి పనిచేయడానికి ఈ హార్మోన్ సాయపడుతుంది.

మన దేశంలో ఆడవాళ్ళకి సగటున 46, 47 ఏళ్ళ ప్రాంతంలో నెలసరి ఆగిపోతుంది. దానికి కొన్నేళ్ళ ముందు నుంచే ఈస్ట్రోజెన్ ఒక నెల ఎక్కువ, ఒక నెల తక్కువ అవుతూ చివరికి బాగా పడిపోతుంది. ఒంట్లో వేడిని అదుపు చేసే మెదడు భాగం తడబడటం వల్లే ఆవిర్లు వస్తాయి. ఆవిర్లతో నిద్ర చెడుతుంది. నిద్ర చెడితే మర్నాడు మాట తడుముకోవడం, వస్తువు ఎక్కడ పెట్టామో మర్చిపోవడం మామూలే.

నలభైల్లో మతిమరుపు డిమెన్షియా కాదు

అమెరికాలో స్వాన్ అనే అధ్యయనంలో రెండు వేలకు పైగా మహిళలను నాలుగేళ్ళు పరీక్షించారు. నెలసరి ఆగబోయే దశలో కొత్తవి నేర్చుకునే వేగం మందగించింది. ఆ దశ దాటాక మళ్ళీ మామూలైంది. కాబట్టి 45 ఏళ్ళ అమ్మ పేర్లు మర్చిపోతుంటే భయపడక్కర్లేదు, ఎగతాళి అసలే వద్దు.

ఆపరేషన్‌కి ముందు ఒక్క ప్రశ్న

నెలసరి దానంతట అదే మెల్లగా ఆగడం వేరు, చిన్న వయసులో అండాశయాలు తీసేయడం వేరు. రెండోదానిలో ఈస్ట్రోజెన్ ఒక్కసారిగా పడిపోతుంది. అమెరికాలోని మేయో క్లినిక్ 2007లో ప్రచురించిన అధ్యయనంలో, నెలసరి ఆగకముందే అండాశయాలు తీసేసిన మహిళల్లో జ్ఞాపకశక్తి దెబ్బతినడం లేదా డిమెన్షియా రావడం మిగతావారి కంటే సుమారు 46 శాతం ఎక్కువగా కనిపించింది. ఎంత చిన్న వయసులో తీస్తే ప్రమాదం అంత ఎక్కువ. అంటే అందరికీ వస్తుందని కాదు, అవకాశం పెరుగుతుందని మాత్రమే.

ఇది మనకు మరీ ముఖ్యం. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15 నుంచి 49 ఏళ్ళ మహిళల్లో గర్భసంచి తీసేసినవారు దేశం మొత్తం మీద 3.2 శాతం ఉంటే, ఆంధ్రప్రదేశ్‌లో 8.9 శాతం, తెలంగాణలో 7.7 శాతం. ఆపరేషన్ తప్పనిసరి అయ్యే జబ్బులు ఉన్నాయి. క్యాన్సర్ లాంటివి ఉంటే అండాశయాలు కూడా తీయక తప్పదు. కానీ సంతకం పెట్టే ముందు "డాక్టర్ గారూ, గర్భసంచి మాత్రమేనా, అండాశయాలు కూడా తీస్తారా? ఎందుకు?" అని అడగండి. వీలైతే ఇంకో డాక్టర్ అభిప్రాయం తీసుకోండి. ఇప్పటికే తీసేసి ఉంటే ఆ కాగితం గైనకాలజిస్టుకి చూపించండి.

హార్మోన్ మాత్రలు వేసుకుంటే సరిపోతుందా?

లేదు. 65 ఏళ్ళు దాటిన 4,500 మందికి పైగా మహిళలతో అమెరికాలో జరిగిన పరిశోధన ఫలితాలు 2003లో వచ్చాయి. ఈస్ట్రోజెన్, ప్రొజెస్టిన్ కలిపి తీసుకున్నవారిలో డిమెన్షియా తగ్గకపోగా దాదాపు రెట్టింపైంది. చిన్న వయసులో అండాశయాలు పోయినవారికి, ఆవిర్లతో బాగా ఇబ్బంది పడేవారికి డాక్టర్లు హార్మోన్లు ఇవ్వవచ్చు. అది వయసు, రొమ్ము క్యాన్సర్ చరిత్ర, రక్తం గడ్డకట్టే సమస్య అన్నీ చూసి చేసే నిర్ణయం. జ్ఞాపకశక్తి కోసమని మెడికల్ షాపులో అడిగి తెచ్చుకునే మాత్ర కాదు.

నాన్నలకీ ఉంది

మగవాళ్ళలో టెస్టోస్టిరాన్ ఒక్కసారిగా ఆగదు, ఏటా కొంచెం కొంచెంగా తగ్గుతుంది. వాళ్ళ విషయంలో ఎక్కువగా గమనించాల్సింది ఇన్సులిన్. ఏళ్ళ తరబడి షుగర్ అదుపులో లేకపోతే మెదడు రక్తనాళాలు దెబ్బతిని డిమెన్షియా ప్రమాదం పెరుగుతుంది. ఇది ఆడవాళ్ళకీ వర్తిస్తుంది.

థైరాయిడ్ మర్చిపోవద్దు. ఆ హార్మోన్ తగ్గితే మనిషి మందకొడిగా, మతిమరుపుగా, దిగులుగా ఉంటారు. పెద్దవాళ్ళలో ఇది చూసి "వయసైపోయింది" అనుకుంటాం. టీఎస్‌హెచ్ అనే చిన్న రక్తపరీక్షతో తెలిసిపోతుంది, మందుతో చాలావరకు సరిదిద్దవచ్చు. బి12 తక్కువైనా ఇలాంటి లక్షణాలే ఉంటాయి.

ఎప్పుడు ఆలస్యం చేయకూడదు?

తాళాలు ఎక్కడ పెట్టామో మర్చిపోవడం వేరు, తాళం దేనికో తెలియకపోవడం వేరు. అడిగిందే పదేపదే అడగడం, రోజూ వెళ్ళే దారి తప్పడం, డబ్బు లెక్కలు తేలకపోవడం, నెలనెలా ఇది పెరగడం కనిపిస్తే న్యూరాలజిస్టు దగ్గరికి తీసుకెళ్ళండి. 60 దాటినవారిలో 7.4 శాతం మందికి డిమెన్షియా ఉందని 2023లో మన దేశంలో ఒక పెద్ద అధ్యయనం అంచనా వేసింది. మగవారి కంటే ఆడవారిలోనే ఎక్కువ.

ఈ నెల హోంవర్క్

ఇది పిల్లలకి కాదు, మనకి.

1. ఇంట్లో అమ్మ, అత్తగారు, అమ్మమ్మ, నానమ్మల పాత ఆపరేషన్ కాగితాలు ఒక ఫైల్లో పెట్టండి.
2. ఇంట్లో పెద్దలకి బీపీ, షుగర్, థైరాయిడ్ పరీక్షలు చేయించండి.
3. రోజూ అరగంట నడక, ఫోన్ పక్కన పెట్టి సరైన నిద్ర.
4. పిల్లల చేత నానమ్మకి ఒక పేజీ చదివించండి, ఆవిడ చేత ఒక కథ చెప్పించుకోండి. హైదరాబాద్ నిమ్స్‌లో 648 మంది డిమెన్షియా రోగులను పరిశీలిస్తే, రెండు భాషలు మాట్లాడేవారిలో లక్షణాలు సగటున నాలుగున్నరేళ్ళు ఆలస్యంగా మొదలయ్యాయని 2013లో తేలింది. హార్మోన్లు తగ్గడం మన చేతిలో లేదు, మెదడుకి పని పెట్టడం మన చేతిలోనే ఉంది.

మా అమ్మకి ఇప్పుడు 51. డాక్టర్‌కి చూపించాం, థైరాయిడ్ మందు వాడుతోంది, సాయంత్రం నడుస్తోంది. ఇప్పటికీ అప్పుడప్పుడూ పాలు పొంగిస్తుంది. నేను మాత్రం విసుక్కోవడం మానేసి స్టవ్ తుడుస్తున్నాను.