ఇంటి కంప్యూటరుకు యూ.పి.ఎస్. – కొనేముందు తెలుసుకోవలసిన సంగతులు



2022వ సంవత్సరము వర్షాకాలములో ఒక సాయంత్రము మా సంఘములోని ఒక అమ్మాయి తన తల్లితో కలిసి మా ఇంటికి వచ్చింది. ఇంజనీరింగు సీటు కొరకు వెబ్ ఆప్షన్లు పెట్టుకోవాలి. "అయ్యగారూ, రేపటితో ఆఖరు. ఫోనులో అయితే పొరపాటు పోతుందేమోనని భయముగా ఉంది. మీ కంప్యూటరులో పెట్టుకుంటాము" అన్నది. కాగితము మీద వ్రాసి తెచ్చుకున్న కాలేజీల వరుస చూస్తూ, ఒక్కొక్కదానికి సంఖ్య వేస్తూ గంటసేపు కూర్చున్నది. నలభై దాకా వేసింది. ఇంకా సేవ్ చేయకముందే కరెంటు పోయింది.

మా బల్ల క్రింద యూ.పి.ఎస్. ఉన్నది. దాని పచ్చ లైటు రోజూ వెలుగుతూనే ఉండేది. కాని ఆ సాయంత్రము అది ఒక్కసారి కీచుమని ఆగిపోయింది. దానితోపాటు కంప్యూటరు కూడా ఆగిపోయింది. ఆ పిల్ల కళ్ళలో నీళ్ళు తిరిగాయి. తల్లి మాత్రము "ఫరవాలేదులెండి అయ్యగారూ" అని మమ్మల్నే ఓదార్చింది. రాత్రి పదిన్నరకు కరెంటు వచ్చింది. మళ్ళీ మొదటి నుండి వేసుకొని, అర్ధరాత్రి దాటాక వాళ్ళు ఇంటికి వెళ్ళారు.

మరునాడు మెకానిక్కు వచ్చి యూ.పి.ఎస్. మూత తీసి చూపించాడు. లోపలి బ్యాటరీ ప్రక్కలు ఉబ్బి ఉన్నవి.

"కొని ఎన్నేళ్ళయింది అయ్యగారూ?"

"ఐదేళ్ళు నాయనా."

"మధ్యలో ఎప్పుడైనా కరెంటు ఆపి చూశారా?"

మేము జవాబు చెప్పలేకపోయాము. లాంతరు ఉన్నది కదా అనుకున్నాము గాని, అందులో నూనె ఉన్నదో లేదో ఐదేళ్ళలో ఒక్కసారీ చూడలేదు. తప్పు మాదే. ఆ తరువాత కొత్తది కొనటానికి నాలుగు చోట్ల తిరిగి, అడిగి తెలుసుకున్న సంగతులను మీతో పంచుకోవాలని ఈ వ్యాసము వ్రాస్తున్నాము.

యూ.పి.ఎస్. దేని కొరకు?

చాలామంది యూ.పి.ఎస్. ఉంటే కరెంటు లేకపోయినా గంటల తరబడి పని చేసుకోవచ్చునని అనుకుంటారు. మామూలు ఇంటి యూ.పి.ఎస్. చేసే పని అది కాదు. కరెంటు పోయినప్పుడు చేస్తున్న పనిని సేవ్ చేసి, కంప్యూటరును పద్ధతి ప్రకారము ఆపటానికి కావలసిన కొన్ని నిమిషాలు ఇవ్వటమే దాని పని. డిస్కు మీద వ్రాత జరుగుతుండగా కరెంటు పోతే ఆ ఫైలు సగములో చెడిపోవచ్చు. ఒక్కొక్కసారి కంప్యూటరు మళ్ళీ లేవకపోవచ్చు.

కాబట్టి దుకాణములో అడుగుపెట్టేముందే మన అవసరము మనకు తెలియాలి. ల్యాప్‌టాప్ అయితే దానికి సొంత బ్యాటరీ ఉంటుంది గనుక యూ.పి.ఎస్. అవసరము లేదు. బల్ల మీది కంప్యూటరుకు మాత్రము కావాలి.

వి.ఎ. వేరు, వాట్లు వేరు

పెట్టె మీద పెద్ద అక్షరాలతో 600 వి.ఎ. అనో, 1100 వి.ఎ. అనో ఉంటుంది. వి.ఎ. అంటే వోల్టు-ఆంపియరు. అది చూసి 600 వాట్ల బరువు మోస్తుందని అనుకోరాదు. ఇళ్ళకు వాడే 600 వి.ఎ. రకములలో చాలావాటి మీద, చిన్న అక్షరాలతో, 360 వాట్లు అని ఉంటుంది. మనము చూడవలసింది ఆ చిన్న అక్షరాలనే.

మరి మన కంప్యూటరు ఎన్ని వాట్లు తీసుకుంటుంది? దాని వెనుక పవర్ సప్లయి మీద 450 వాట్లు అని ఉండవచ్చు. అది ఇవ్వగల గరిష్ఠ శక్తి మాత్రమే, రోజూ తీసుకునేది కాదు. చదువులకు, టైపు పనికి వాడే సాధారణ కంప్యూటరు, ఎల్.ఇ.డి. మానిటరు కలిపి 60 నుండి 120 వాట్ల లోపే ఉంటాయి. ఆటల కొరకు పెద్ద గ్రాఫిక్స్ కార్డు పెట్టినవి మాత్రము దీనికి రెండు మూడు రెట్లు, ఇంకా ఎక్కువ కూడా తీసుకుంటాయి.

దీనిని ఇంటి కరెంటు మీటరుతోనే లెక్కించవచ్చు. ఇప్పటి మీటర్లలో ఒక చిన్న ఎర్ర దీపము మిణుకుమంటూ ఉంటుంది. యూనిట్టుకు ఎన్నిసార్లు మిణుకుతుందో మీటరు మీదనే వ్రాసి ఉంటుంది. అది 3200 అనుకొందాము. ఫ్రిజ్జుతో సహా ఇంట్లో అన్నీ ఆపి, కంప్యూటరు ఒక్కటే నడిపించి, పది నిమిషాలలో ఎన్ని మిణుకులో లెక్కపెట్టండి. 60 వచ్చినవనుకోండి. గంటకు 360. దానిని 3200తో భాగించి వెయ్యితో గుణిస్తే సుమారు 112 వాట్లు. పిల్లలకు ఈ లెక్క అప్పగిస్తే సంతోషముగా చేస్తారు. 112 వాట్ల కంప్యూటరుకు 360 వాట్ల యూ.పి.ఎస్. ధారాళముగా సరిపోతుంది.

ఎన్ని నిమిషాలు వస్తుంది?

ఇది యూ.పి.ఎస్. పెట్టె మీది పెద్ద అంకెను బట్టి కాదు, లోపలి బ్యాటరీని బట్టి ఉంటుంది. చిన్న యూ.పి.ఎస్.లలో సాధారణముగా 12 వోల్టులు, 7 ఆంపియర్-అవర్ల బ్యాటరీ ఒకటి ఉంటుంది. కాగితము మీద లెక్క వేస్తే 12ను 7తో గుణించి 84 వాట్-అవర్లు. అంటే 84 వాట్లను గంటసేపు నడపాలి. అయితే బ్యాటరీని వేగముగా వాడుకున్నకొద్దీ అది ఇచ్చే మొత్తము తగ్గుతుంది, మార్పిడిలో కొంత వేడిగా పోతుంది. అందుచేత 100 వాట్ల కంప్యూటరుకు కొత్త బ్యాటరీతో సుమారు 20 నిమిషాలు వస్తే మంచిదే. 200 వాట్లయితే 10 నిమిషాలకు మించి ఆశించరాదు. బరువు రెట్టింపయితే సమయము సగము కంటే కూడా తగ్గుతుందని జ్ఞాపకముంచుకోవాలి.

దుకాణదారుని "దీని లోపల ఎన్ని బ్యాటరీలు, ఎన్ని ఆంపియర్-అవర్లు?" అని అడగండి. ఎక్కువ వి.ఎ. ఉన్న దానిలోను, తక్కువ ఉన్న దానిలోను ఒకే బ్యాటరీ ఉంటే ఎక్కువ డబ్బుకు ఎక్కువ నిమిషాలు రావు.

మన ఊళ్ళ కరెంటుకు ఏ రకము?

మన దేశములో ఇళ్ళకు రావలసినది 230 వోల్టులు. సాయంత్రము అందరి మోటార్లు, దీపాలు వేసినప్పుడు ఊళ్ళలో ఎంత పడిపోతుందో మీకు తెలిసినదే. యూ.పి.ఎస్.లు మూడు రకాలు. మొదటిది ఆఫ్‌లైన్. వోల్టేజి తగ్గినప్పుడల్లా ఇది బ్యాటరీ మీదికి మారిపోతుంది, బ్యాటరీ త్వరగా అరిగిపోతుంది. రెండవది లైన్-ఇంటరాక్టివ్. దీనిలో స్టెబిలైజరు కూడా ఉంటుంది. వోల్టేజి కొంత తగ్గినా పెరిగినా బ్యాటరీని ముట్టకుండానే సరిచేస్తుంది. మూడవది ఆన్‌లైన్. ఇది ఎల్లప్పుడూ తానే కరెంటు తయారు చేసి ఇస్తుంది. ఆసుపత్రులు, పెద్ద కార్యాలయాలు వాడేది ఇదే, ధర ఎక్కువ. పల్లెలలోని మన ఇళ్ళకు రెండవ రకము తగినది. ఎంత తక్కువ వోల్టేజి వరకు తట్టుకుంటుందో పెట్టె మీద చూడండి. 140, 145 వోల్టుల వరకు తట్టుకునేవి దొరుకుతాయి.

పెట్టె మీద భారత ప్రమాణాల సంస్థ గుర్తు, దానితోపాటు ఐ.ఎస్. 16242 అనే ప్రమాణ సంఖ్య, ఆర్ అక్షరముతో మొదలయ్యే రిజిస్ట్రేషను సంఖ్య ఉన్నవో లేదో చూసి మరీ కొనండి.

ఇంట్లో ఇన్వర్టరు ఉంటే?

కరెంటు పోయిన తరువాత కంప్యూటరు సెకనులో వెయ్యవ వంతులు పదిహేను వరకే ఓర్చుకోగలదు. యూ.పి.ఎస్. సాధారణముగా పదిలోపే అందుకుంటుంది. ఫ్యాన్లకు, లైట్లకు వాడే ఇన్వర్టరు మామూలు స్థితిలో అంతకంటే ఎక్కువ సమయము తీసుకుంటుంది. ఫ్యానుకు అది తెలియదు, కంప్యూటరు మాత్రము ఆగిపోతుంది. అయితే చాలా ఇన్వర్టర్లకు యూ.పి.ఎస్. మోడ్ అని ఒక మీట ఉంటుంది. మీ ఇన్వర్టరు సైన్‌వేవ్ రకమై, ఆ మీట కూడా ఉంటే, ఒకసారి పరీక్షించి చూసుకోండి. వేరే యూ.పి.ఎస్. కొనే ఖర్చు తప్పవచ్చు.

దేనిని తగిలించాలి, దేనిని తగిలించరాదు

కంప్యూటరు, మానిటరు, ఇంటర్నెట్టు మోడెము, ఈ మూడే తగిలించండి. మోడెమును మరువకండి. కంప్యూటరు నడుస్తున్నా మోడెము ఆగితే దరఖాస్తు వెళ్ళదు. ల్యాప్‌టాప్ వాడేవారు మోడెము ఒక్కదాని కొరకు దొరికే చిన్న 12 వోల్టుల యూ.పి.ఎస్. కొనుక్కుంటే చాలును. లేజరు ప్రింటరును మాత్రము ఎన్నడూ తగిలించరాదు. కాగితము మీద సిరాపొడిని కరిగించే దాని హీటరు ఒక్కసారిగా వందల వాట్లు లాగుతుంది. ఇస్త్రీపెట్టె, మిక్సీ సంగతి చెప్పనవసరము లేదు.

మూడు కాళ్ళ ప్లగ్గును ఎర్తింగు ఉన్న సాకెట్టులోనే పెట్టాలి. ఉరుములు మెరుపులు వచ్చినప్పుడు యూ.పి.ఎస్. ఉన్నదని ధీమాగా ఉండక, ప్లగ్గు, ఇంటర్నెట్టు తీగ రెండూ తీసివేయండి. పిడుగును ఆపే శక్తి దానికి లేదు.

బ్యాటరీకి వయస్సు ఉన్నది

ఈ బ్యాటరీలు సీసముతో చేసినవి. చల్లని చోట మూడు నుండి ఐదేళ్ళు వస్తాయి. వేడి వాటికి శత్రువు. 25 డిగ్రీల పైన ప్రతి పది డిగ్రీల వేడికి వాటి ఆయుష్షు ఇంచుమించు సగమవుతుందని అంటారు. మన వేసవులలో రెండు, మూడేళ్ళకే బలహీనపడటము సహజము. యూ.పి.ఎస్.కు గుడ్డ కప్పటము, అలమారులో పెట్టి తలుపు మూయటము చేయకండి. గాలి ఆడే చోట ఉంచండి. నెలల తరబడి చార్జి లేకుండా మూలన పడవేసినా బ్యాటరీ చెడుతుంది. మూతను పిల్లలు తీయరాదు. ప్లగ్గు తీసినా లోపల షాకు కొట్టే శక్తి ఉండవచ్చు.

ఉబ్బిన పాత బ్యాటరీని చెత్తకుప్పలోనో, కాలువలోనో వేయవద్దు. సీసము విషము. కొత్తది కొన్న దుకాణములో పాతది ఇస్తే ధరలో కొంత తగ్గిస్తారు కూడా. 2022లో వచ్చిన బ్యాటరీ వ్యర్థాల నిబంధనల ప్రకారము పాత బ్యాటరీలను తిరిగి సేకరించే బాధ్యత తయారీదారులది.

ఒక చిన్న అలవాటు

ఇప్పుడు మా ఇంట్లో సంవత్సరానికి రెండుసార్లు, వేసవి ముందు, వర్షాల ముందు, పరీక్ష చేస్తున్నాము. రాత్రంతా చార్జి కానిచ్చి, ఫైళ్ళన్నీ మూసి, గోడ మీది స్విచ్చి ఆపి, గడియారము చూస్తాము. కంప్యూటరు ఎన్ని నిమిషాలు నిలిచినదో యూ.పి.ఎస్. ప్రక్కనే చీటీ మీద తేదీతో వ్రాస్తాము. కొత్తలో వచ్చిన దానిలో సగానికి తగ్గితే బ్యాటరీ మార్చే సమయము వచ్చినట్టే.

యూ.పి.ఎస్. ఉన్నా పది నిమిషాలకొకసారి సేవ్ చేసుకోవటము, ముఖ్యమైనవి పెన్‌డ్రైవులో మరొక ప్రతి ఉంచుకోవటము మానరాదు.

ఆ అమ్మాయికి ఆ సంవత్సరమే సీటు వచ్చింది. 2023లో తమ్ముని దరఖాస్తు కొరకు వాడిని వెంటబెట్టుకొని మళ్ళీ మా ఇంటికి వచ్చింది. కుర్చీలో కూర్చోకముందే నవ్వుతూ, "అయ్యగారూ, ముందు ఆ స్విచ్చి ఒకసారి ఆపి చూపించండి" అన్నది. ఆపాము. యూ.పి.ఎస్. కీచుమన్నది, కంప్యూటరు నడుస్తూనే ఉన్నది. చీటీ చూపించాము. అప్పుడు గాని ఆ పిల్ల తమ్ముణ్ణి కూర్చోనివ్వలేదు.

మీ ఇంట్లోను యూ.పి.ఎస్. ఉన్నదా? ఈ వారములోనే ఒకసారి ఆ స్విచ్చి ఆపి చూడండి.