నొప్పిని దాచుట ఓర్పు కాదు

సోదరీమణులారా! స్త్రీకి ఓర్పే భూషణమని చిన్ననాటినుండియు వినుచున్నాము. జ్వరముతోనే వంట చేయుటయు, తలనొప్పిని పెదవి విప్పి చెప్పకుండుటయు ఓర్పు క్రిందనే జమకట్టబడుచున్నవి. ఓర్పు సుగుణమనుటలో మాకు సందేహము లేదు. కాని వ్యాధి విషయమున ఆ సుగుణమే శత్రువగుట మేము మా యింటనే చూచితిమి.

మా పినతల్లిగారికి రొమ్మునందు ఉసిరికాయంత గడ్డ లేచినది. ఆమె దానిని రెండేండ్లు పైటచెరగు మాటున దాచిరి. ఎట్టకేలకు వైద్యునికడకు గొనిపోవునప్పటికి వ్యాధి ఎముకలకు ప్రాకినది. రాత్రులు గోడకానుకొని కూర్చుండెడివారు. “ఎట్లున్నది పిన్నీ?” అని మేమడిగినచో, “నయమేనే అమ్మాయీ, నీవు పోయి పరుండుము” అనెడివారు. తుదకొక వైద్యుడు మార్ఫినను మందు వ్రాసియిచ్చెను. అది మత్తుమందనియు, అలవాటగుననియు భయపడి, మేమే ఆ సీసాను నాలుగు దినములు బీరువాలో దాచితిమి. అయిదవనాడు ఆమె మూల్గు వినజాలక ఇచ్చితిమి. ఆ రాత్రి ఆమె నిద్రించిరి. మరునాడు లేచి, తల దువ్వుకొని, కాఫీ అడిగిరి. ఆ నాలుగు రాత్రుల నొప్పి ఆమెకు మేము పెట్టినదే యని నేటికిని మా మనస్సు కుములుచున్నది. మరియొక గృహమున అట్లు జరుగకుండుటకే యీ వ్యాసము వ్రాయుచున్నాము.

2022వ సంవత్సరమున మన దేశములో సుమారు 1,92,000 మంది స్త్రీలకు రొమ్ము క్యాన్సరు క్రొత్తగా కనబడినదని అంతర్జాతీయ క్యాన్సరు పరిశోధన సంస్థ అంచనా వేసినది. త్వరగా కనుగొన్నచో పెక్కుమందికి నయమగును. నయము కానివారికి గూడ చేయవలసినది ఎంతయో కలదు. దానినే ఉపశమన చికిత్స యందురు.

ఈ విద్యకు నేటి రూపమిచ్చినవారిలో ఇంగ్లాండు దేశస్థురాలగు సిసిలీ సాండర్సుగారు ముఖ్యులు. ఆమె మొదట నర్సుగా నుండి, పిదప వైద్యవిద్య నభ్యసించి, 1967లో లండను నగరమున సెయింట్ క్రిస్టఫర్సు హాస్పిసును స్థాపించిరి. రోగి బాధ దేహమునకు మాత్రమే చెందినది కాదనియు, మనస్సు, కుటుంబము, జీవితార్థము అన్నియు అందు చేరియుండుననియు ఆమె బోధించిరి. 1986లో ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సరు నొప్పిని తగ్గించు క్రమమును ప్రకటించినది. వీలైనంతవరకు నోటిద్వారానే మందు, గడియారము ప్రకారము మందు, నొప్పి హెచ్చుదలను బట్టి మందు, ఇదియే దాని సారము. మన దేశములో 1993లో కోళిక్కోడున ఆరంభమైన సంఘము, ఇరుగుపొరుగువారికి శిక్షణ యిచ్చి, రోగి యింటికే సేవను గొనివచ్చినది. హైదరాబాదులోని ఎం.ఎన్.జె. క్యాన్సరు వైద్యశాలయందును ఈ విభాగము కలదు. ఈ చికిత్స మరణశయ్యకు మాత్రమే యని తలంపరాదు. శస్త్రచికిత్స, కీమోథెరపీ జరుగుచుండగనే దీనిని గూడ ఆరంభించుట మేలు.

ఇక రోగి తనకు తాను చేసికొనదగినవి చెప్పెదము. ఒక చిన్న పుస్తకము దగ్గర నుంచుకొనవలెను. నొప్పి ఎచ్చట, ఎప్పుడు, పదింటికి ఎన్ని పాళ్లు ఉన్నదో, మందు పుచ్చుకొన్న పిదప ఎంత తగ్గినదో అందు వ్రాయవలెను. పాలవాని లెక్క వ్రాయగల మనకు ఇది కష్టము కాదు. వైద్యునికి ఆ పుస్తకము వేయి మాటలకంటె మేలు. నొప్పి వచ్చిన పిదప మందు వెదకుట గాక, చెప్పిన వేళకు తప్పక పుచ్చుకొనవలెను. క్యాన్సరు నొప్పికై వైద్యుడు చెప్పినట్లు వాడు మార్ఫినువలన రోగి వ్యసనపరురాలగునను భయము చాలవరకు నిరాధారము. కాని మొదటి దినములలో వికారమును, మందు వాడినన్నాళ్లు మలబద్ధమును కలుగును గనుక, విరేచనమగుటకు మందు గూడ మొదటనే అడిగి తీసికొనవలెను. మోతాదును తమంత పెంచుటగాని, మందును హఠాత్తుగా మానుటగాని కూడదు. పిల్లలకందకుండ దాచవలెను.

చంకలోని గ్రంథులను తీసివేసినవారికి ఆ చేయి వాయవచ్చును. చర్మమును పొడిబారనీయక కొబ్బరినూనె రాయుట, కత్తిపీట, పొయ్యి, సూదులవద్ద జాగ్రత్తగా నుండుట, కూర్చున్నప్పుడు చేతిని దిండుపై నుంచుట మంచిది. బిగువైన గాజులు ఆ చేతికి తగవు. గాజులు తీయుట అశుభమని పెద్దలు శంకించినచో, రెండవ చేతికి నిండుగ తొడిగి వారిని సమాధానపరుపవచ్చును. ఆ చేతితో ఏ బరువును ఎత్తరాదని పూర్వము చెప్పెడివారు. అమెరికాలో 141 మంది స్త్రీలపై జరిపి 2009లో ప్రకటించిన పరిశోధనలో, శిక్షకుల పర్యవేక్షణలో క్రమక్రమముగా బరువులెత్తిన వారికి వాపు హెచ్చలేదనియు, వాపు ముదిరి బాధించుట తగ్గినదనియు తేలినది. కావున చేతిని కట్టివేసినట్లు ఉంచుకొనక, వైద్యుని సలహాతో మెల్లమెల్లగా ఆడించవలెను.

పుండు పడినచో దుర్గంధమునకు సిగ్గుపడి రోగి గది విడిచి రాదు. కాచి చల్లార్చిన ఉప్పునీటితో మెల్లగా కడిగి, అంటుకొనని కట్టు వేయవలెను. మెట్రోనిడజోలు బిళ్లలను పొడిచేసి చల్లినచో వాసన తగ్గును. దీనిని గూర్చి వైద్యుని యడుగవలెను. ఈ వ్యాధి అంటువ్యాధి కాదు. వేరు పళ్లెము, వేరు పంక్తి అనవసరము. మా పినతల్లిగారు ఒంటరిగా భుజించిన దినములను తలచుకొన్నచో, ఆమెకు పుండుకంటె ఆ పీటయే ఎక్కువ నొప్పి కలిగించెనేమో అనిపించును.

కొన్ని లక్షణములు కనబడినచో తెల్లవారువరకు ఆగరాదు. వెన్నునొప్పితో కాళ్లు బలహీనమగుట, మూత్రము బిగియుట లేక తెలియకుండ పోవుట, కీమోథెరపీ జరుగు దినములలో 100.4 డిగ్రీలకు మించిన జ్వరము, హఠాత్తుగా వచ్చిన ఆయాసము, వాచిన చేయి యెఱ్ఱబడి జ్వరము వచ్చుట, ఆగని రక్తస్రావము: ఇందులో ఏది కలిగినను వెంటనే వైద్యశాలకు పోవలెను.

ఇంటివారికొక మాట. రోగికి తెలియకుండ మంతనములాడకుడు. తన దేహమును గూర్చి తెలిసికొనుటకును, ఏ చికిత్స వలయునో, ఏది వలదో చెప్పుటకును ఆమెకు హక్కు కలదు. “నయమే” అని ఆమె యన్నప్పుడు మరల ఒకసారి అడుగుడు. మంచమంచున కూర్చుండి, చేయి పట్టుకొని అడుగుడు.

సోదరీమణులారా! మీ దేహమున ఏ గడ్డయైన చేతికి తగిలినచో నేడే చెప్పుడు. నొప్పి కలిగినచో ఎంత యున్నదో అంత చెప్పుడు. అడ్డులేని దుఃఖము నోర్చుకొనుట ఓర్పగును గాని, మందున్న నొప్పిని దాచుట ఓర్పు కాదు.