కిట్ కార్ కింద నల్ల కోటింగ్ కొట్టేస్తే సేఫేనా? తుప్పు అసలు ఎక్కడ మొదలవుతుందో చూద్దాం

ఇవాళ టాపిక్ కొంచెం మురికిగా ఉంటుంది. కారు కింద పడుకుని చూడాల్సిన టాపిక్ మరి.

కిట్ కార్ అంటే ఏంటో తెలియనివాళ్ళకి రెండు ముక్కల్లో చెప్తా. ఇంగ్లండ్‌లో 1957లో లోటస్ సెవెన్ అనే చిన్న కారు వచ్చింది. విడిభాగాలుగా కొని ఇంట్లో బిగించుకుంటే అప్పటి పర్చేజ్ ట్యాక్స్ పడేది కాదు. అందుకే జనం గ్యారేజీల్లోనే కార్లు కట్టుకున్నారు. 1973లో ఆ డిజైన్ హక్కులు కేటర్‌హామ్‌కి వెళ్ళాయి. 1996లో రాన్ ఛాంపియన్ అనే ఆయన అలాంటి కారునే పూర్తిగా ఇంట్లో వెల్డింగ్ చేసుకోవడం ఎలాగో పుస్తకం రాశాడు. దాన్నే లోకోస్ట్ అంటారు. ఇవాళ దీని గురించే మాట్లాడుకుందాం.

లోకోస్ట్ ఛాసిస్ అంటే అంగుళం చదరపు స్టీల్ ట్యూబులు. గోడ మందం సుమారు 1.6 మిల్లీమీటర్లు, అంతే. మీ సస్పెన్షన్, సీట్ బెల్ట్, స్టీరింగ్ అన్నీ దాన్నే పట్టుకుని ఉంటాయి. ఆ 1.6లో సగం తుప్పు తినేస్తే ఏమవుతుందో ఆలోచించండి.

మరి మామూలు కారుకి ఇంత భయం ఎందుకు లేదు? ఫ్యాక్టరీలో మొత్తం బాడీని ప్రైమర్ ఉన్న పెద్ద తొట్టిలో ముంచి, కరెంట్ పాస్ చేస్తారు. దాంతో బాడీ లోపలి సందుల్లోకి కూడా ప్రైమర్ చేరుతుంది. ఇంట్లో అంత తొట్టి ఎక్కడిది? మనం బయటి నుంచి పెయింట్ వేస్తాం, లేదా పౌడర్ కోటింగ్ చేయిస్తాం. ట్యూబు లోపల మాత్రం పచ్చి స్టీలే.

దీనికి తోడు అక్కడి చలికాలం. రోడ్ల మీద మంచు గడ్డకట్టకుండా రాతి ఉప్పు చల్లుతారు. ఉప్పునీళ్ళు కింద నుంచి చిమ్ముతూనే ఉంటాయి. మన వైజాగ్ బీచ్ రోడ్ పక్కన ఇల్లున్నవాళ్ళకి గేటు ఎంత త్వరగా తుప్పు పడుతుందో తెలుసు కదా, అదే కథ.

పౌడర్ కోటింగ్ చూడ్డానికి సూపర్‌గా ఉంటుంది, గట్టిగానూ ఉంటుంది. కానీ చక్రాలు ఎగరేసే ఒక్క కంకర రాయి తగిలి చిన్న పెచ్చు లేచిందా, అక్కణ్ణుంచి నీళ్ళు పొర కిందకి పాకుతాయి. పైన మెరుస్తూనే ఉంటుంది, కింద తుప్పు నడుస్తుంటుంది. అందుకే కోటింగ్‌కి ముందు బ్లాస్టింగ్ చేయించి, జింక్ ప్రైమర్ వేయించమని అడగండి. ఖర్చు పెరుగుతుంది. అయినా డబ్బు పెట్టాల్సిన చోటు ఇదే అని నా అభిప్రాయం.

"గాల్వనైజింగ్ చేయించేస్తే పోలా?" అంటారా? సుమారు 450 డిగ్రీల కరిగిన జింక్‌లో ముంచాలి. పల్చటి ట్యూబులు వంగిపోవచ్చు. పైగా రెండు కొసలూ మూసేసిన ట్యూబు అయితే, లోపలి గాలి, తేమ వేడెక్కి పేలే ప్రమాదం ఉంది. ముందే బెజ్జాలు పెట్టాలి.

ఇప్పుడు అసలు పాయింట్, నల్ల తారు లాంటి అండర్‌సీల్. మందంగా కొట్టేస్తే కొత్తలో బాగానే పనిచేస్తుంది. కొన్నేళ్ళకి గట్టిపడి, పగుళ్ళిచ్చి, ఆ పగుళ్ళలో ఉప్పునీళ్ళని పట్టి ఉంచుతుంది. పైగా కింద ఏం జరుగుతుందో కనబడనివ్వదు. కోడ్ రాసేవాళ్ళకి ఒక్క మాటలో చెప్తా: ఎర్రర్‌ని ట్రై-క్యాచ్‌లో మింగేసి లాగ్ కూడా రాయకపోవడం లాంటిది.

దానికి బదులు వ్యాక్స్ బెటర్. మైనం లాంటిదే, ఆరినా మెత్తగా ఉంటుంది కాబట్టి తారులా పగలదు. పల్చగా కొడితే కింద లోహం కనబడుతుంది. ట్యూబుల్లోకైతే, చిన్న బెజ్జం ద్వారా పొడుగాటి గొట్టం దూర్చి, చుట్టూ చిమ్మే నాజిల్‌తో కొట్టాలి. డబ్బాని ముందు వేడినీళ్ళ బకెట్‌లో పెడితే పల్చబడి సందుల్లోకి బాగా వెళ్తుంది. స్టవ్ మీద మాత్రం పెట్టకండి, అది మండే సరుకు. తర్వాత బెజ్జానికి రబ్బరు గ్రొమెట్ పెట్టేయండి. నీళ్ళు కారిపోవడానికి వదిలిన డ్రెయిన్ హోల్స్ మాత్రం మూసుకుపోకూడదు. చక్రాల వెనక భాగంలో వ్యాక్స్ కొట్టుకుపోతుంది. అక్కడ స్టోన్‌చిప్ కోటింగ్ వేసి, దాని మీద వ్యాక్స్ కొట్టండి.

అల్యూమినియం ప్యానెల్స్ సంగతి వేరు. స్టీల్, అల్యూమినియం ఒకదానికొకటి తగిలి, మధ్యలో ఉప్పునీళ్ళు చేరితే చిన్న బ్యాటరీ తయారైనట్టే. తినేసేది అల్యూమినియాన్ని. రివెట్ల చుట్టూ తెల్ల పొడి కనబడిందంటే ఇదే జరుగుతోందని అర్థం. బిగించే ముందే రెంటి మధ్యా పాలీయురెథేన్ సీలెంట్ పూయాలి. రివెట్ కోసం డ్రిల్ చేసిన ప్రతి బెజ్జం అంచులో పచ్చి స్టీల్ బయటపడుతుంది, అక్కడా కొంచెం ప్రైమర్ పెట్టాలి. బోరింగ్ పనే, కానీ ప్యానెల్ బిగించాక ఆ చోటికి చెయ్యి పోదు.

ఎగ్జాస్ట్ మీద, బ్రేక్ డిస్కుల మీద, ప్యాడ్ల మీద వ్యాక్స్ అస్సలు పడకూడదు. ఒకచోట పొగ, నిప్పు. రెండోచోట బ్రేకే పట్టదు. కవర్లు కట్టి, టేప్ వేసి మొదలుపెట్టండి. బ్రేక్ పైపులకి మామూలు స్టీల్ కాకుండా రాగి-నికెల్ పైపు వాడితే తుప్పు గొడవ చాలావరకు పోతుంది.

ఇదంతా ఎందుకంటే, బ్రిటన్‌లో ఏటా జరిగే ఎంవోటీ టెస్ట్‌లో సస్పెన్షన్, స్టీరింగ్, బ్రేకులు, సీట్ బెల్టులు బిగించిన చోట్ల చుట్టూ 30 సెంటీమీటర్ల లోపు తుప్పుని ప్రత్యేకంగా చూస్తారు. అక్కడ లోహం బాగా బలహీనపడితే ఫెయిల్. లోకోస్ట్ లాంటి బుల్లి ఛాసిస్‌లో 30 సెంటీమీటర్లంటే దాదాపు అన్ని జాయింట్లూ అందులోకే వచ్చేస్తాయి.

ఏడాదికోసారి, చలికాలం అయ్యాక కింద మంచినీళ్ళతో కడిగి, ఆరనిచ్చి, టార్చ్ పట్టుకుని చూడండి. రాయి తగిలిన చోట వ్యాక్స్ మళ్ళీ కొట్టండి, పది నిమిషాల పని. కింద దూరేముందు మాత్రం కారు యాక్సిల్ స్టాండ్ల మీద ఉండాలి. ఒక్క జాకీని నమ్మి ఎవరూ దూరొద్దు ప్లీజ్.